గోల్‌కీపర్ ముందు, గుడ్లగుంట చివర

ముద్దాడ సింహాద్రి గుడ్లగుంటకి బదిలీ చేయమని ఆరేళ్లలో ఆరు దరఖాస్తులు పెట్టాడు. ఆరింటినీ తూములు, గేట్ల శాఖ తిప్పి పంపింది. తప్పు శాఖది కాదు. గుడ్లగుంట కావాలని అడిగిన మనిషి ఆ శాఖ చరిత్రలో అంతకు ముందు లేడు. అడిగినవాడిని ఏం చేయాలో ఏ రూల్లోనూ రాసి లేదు.

గుడ్లగుంట అంటే అలాంటి ఊరు. హెడ్డాఫీసు నుంచి ఏడు గంటలు బస్సు, ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత ఏరు. అక్కడ శాఖకి ఒక చిన్న జలాశయం, దానికి రెండు గేట్లు ఉన్నాయి. ఒకటి తుప్పు పట్టి కదలదు. కదిలేదానితో అవసరం పడదు. ఎవరైనా పై అధికారికి ఎదురు చెప్పినా, సంతకం చేయకూడని చోట చేసినా వాళ్లని అక్కడికి పంపేవారు. సింహాద్రి ఈ రెండూ ఎప్పుడూ చేయలేదు. బుద్ధిమంతుడు కావడమే అతని కొంప ముంచింది.

మూడో దరఖాస్తుకి ఏకంగా విజిలెన్స్ అధికారి వచ్చాడు.

"గుడ్లగుంటలో మీకేమిటి లాభం?" అన్నాడు ఫైలు తెరిచి.

"నా భార్య అక్కడుందండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు."

"భార్య అందరికీ ఉంటుందయ్యా. అసలు కారణం చెప్పు."

అసలు కారణం అదే. నీలవేణిని ఆ ఊరు వదలనివ్వరు. బదులు నర్సు వస్తేనే వదులుతాం అంటారు, బదులు నర్సు రాదు. కాబట్టి వాళ్ల కాపురం రెండో శనివారాల మీద నడుస్తోంది. పెళ్లికి ఎవరో ఇచ్చిన కుక్కరు సింహాద్రి దగ్గరుంది. సామాన్లు సర్దుకునే హడావుడిలో దాని విజిల్ నీలవేణి పెట్టెలో పడి గుడ్లగుంట వెళ్లిపోయింది. బజారుకి వెళ్తే ఇంకో విజిల్ దొరక్కపోదు. కానీ ఇద్దరూ పంతం పట్టారు. ఒక చోట చేరాకే ఆ కుక్కరు కూయాలి అనుకున్నారు. ఆరేళ్లుగా సింహాద్రి గిన్నెలో గంజి వార్చుకుంటున్నాడు.

అలాంటి రోజుల్లో కమిషనర్ చిదానందంగారు ఐదు రోజుల మేనేజ్‌మెంట్ శిక్షణకి వెళ్లొచ్చారు. శిక్షణ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన ఏదో ఒకటి తెస్తారు. పోయినసారి అందరిచేతా ఉదయం పదింటికి కళ్లు మూసుకుని నవ్వించారు. ఈసారి సర్క్యులర్ ఇచ్చారు.

"ఇందుమూలముగా శాఖలోని పదకొండు మంది తూము ఇన్‌స్పెక్టర్లకు తెలియజేయునది ఏమనగా, ఉద్యోగులలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రాథమ్య నిర్ధారణ సామర్థ్యమును శాస్త్రీయముగా కొలుచు నిమిత్తము ఊహా ఫుట్‌బాల్ లీగు నిర్వహించబడును. ఈ ఏటి బదిలీలు సదరు లీగు ర్యాంకుల ప్రకారము జరుగును. మొదటి ర్యాంకు వారు మొదట కోరుకొందురు. చివరి ర్యాంకు వారికి మిగిలిన స్థానము దక్కును."

దీన్ని అర్థం చేసుకోవడానికి టపా గుమాస్తా అసిరయ్య సింహాద్రి టేబులు దగ్గరికొచ్చాడు.

"ఏటి బాబూ ఇది? మనం బంతి తన్నాలా?"

"అక్కర్లేదు. ఎక్కడో పై దేశంలో ఆటగాళ్లు ఆడతారు. మనం వాళ్లలో పదకొండు పేర్లు ఏరుకుని కాగితం మీద జట్టు కట్టుకుంటాం. వాళ్లు బాగా ఆడితే మనకి మార్కులు."

"ఆల్లు కట్టపడితే మార్కులు మనకా?"

"అంతే."

"మనం ఏటీ సెయ్యక్కర్లేదు?"

"అక్కర్లేదు."

"ఓస్, ఇంతేనా. మన ఆఫీసులో ఇదేటి కొత్త?" అని అసిరయ్య టపా సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

సింహాద్రి మాత్రం సర్క్యులర్ చివరి వాక్యాన్ని నాలుగుసార్లు చదివాడు. మిగిలిన స్థానం అంటే ఏమిటో గోడ మీది బల్లికి కూడా తెలుసు. పదకొండో ర్యాంకు వస్తే చాలు, ఇక దరఖాస్తు అక్కర్లేదు, విజిలెన్స్ అక్కర్లేదు. ప్రభుత్వమే దగ్గరుండి పంపిస్తుంది. వెంటనే నీలవేణికి ఫోన్ చేశాడు.

"ఫుట్‌బాల్ గురించి మీకేం తెలుసండీ?" అంది ఆవిడ అనుమానంగా.

"ఏమీ తెలీదు."

"అమ్మయ్య. అయితే ఓడిపోతారు."

"అంత తేలిక కాదే. మిగతా పదిమందికీ కూడా ఏమీ తెలీదు."

"ఏం చేస్తారో నాకు తెలీదు. మీరు ఓడిపోవాలంతే. ఇక్కడ విజిల్ని వారం వారం చింతపండుతో తోముతున్నాను," అంది నీలవేణి.

ఆటగాళ్లని ఏరుకునే రోజున పదకొండు మంది ఇన్‌స్పెక్టర్లూ సమావేశ మందిరంలో కూర్చున్నారు. ఏ స్థానానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలో తేల్చడానికి కమిషనర్‌గారు ఒక కమిటీ వేశారు. జాయింట్ డైరెక్టర్ యజ్ఞనారాయణగారు ఆ కమిటీకి అధ్యక్షులు, సభ్యులూ ఆయనే. ఆయన ఈ విషయాన్ని పదిహేను రోజులు అధ్యయనం చేశారు. ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. చూస్తే అభిప్రాయం ప్రభావితం అవుతుందని ఆయన భయం.

"మిత్రులారా, మైదానం అంటే ఏమిటి? ఆయకట్టు. రెండు చివర్లా రెండు తూములు. కాబట్టి ఇది స్థూలంగా మన శాఖకు సంబంధించిన క్రీడ," అని ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇక ఉద్యోగుల విషయానికి వద్దాం. గోల్‌కీపర్ గేటు ఇన్‌ఛార్జి. హెడ్‌క్వార్టర్స్ విడిచి ఎక్కడికీ పోడు. ఎవరినీ ఏమీ దాటనివ్వడు. వీపు మీద ఒకటో నంబరు ఉంటుంది. సీనియారిటీ జాబితాలో ఒకటో నంబరు ఎవరికిస్తారో మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదని అందరూ తల ఊపారు.

"డిఫెండర్లు కరకట్ట సిబ్బంది. రెండు, మూడు, నాలుగు నంబర్ల వాళ్లు. గౌరవనీయులు. మధ్యలో ఉండేవాళ్లు టపా సెక్షన్. ఇటు వచ్చింది అటు పంపుతారు. ఇక ఫార్వర్డులని కొందరున్నారు." ఇక్కడ ఆయన ముఖం చిట్లించారు. "తొమ్మిది, పది నంబర్ల వాళ్లు. బాగా జూనియర్లు. తమ పరిధి వదిలేసి, టూరు అనుమతి లేకుండా, ఆట సాంతం ఎదుటివాళ్ల గేటు దగ్గర తచ్చాడుతుంటారు. వీళ్ల గురించి మాట్లాడటం సమయం వృథా."

సింహాద్రి జేబులోంచి చిన్న పుస్తకం తీసి 'ఫార్వర్డులు' అని రాసుకున్నాడు. కింద రెండు గీతలు గీసుకున్నాడు.

మొదట కోరుకునే హక్కు సీనియర్ కొప్పరపు విశ్వపతిది. విశ్వపతి ఇరవై తొమ్మిదేళ్లుగా ఎక్కడ ఏం మిగిలినా ముందు తను తీసుకుని, తర్వాత అదేమిటో చూసుకునే మనిషి. ఒక గోల్‌కీపర్‌ని కోరుకున్నాడు. రెండో ఆయనకి డిఫెండర్ కావాలని ఉంది. కానీ విశ్వపతి గోల్‌కీపర్‌ని తీసుకున్నాడంటే ఏదో ఉండే ఉంటుందని తనూ గోల్‌కీపర్‌నే తీసుకున్నాడు. ఇద్దరు తీసుకున్నాక మూడో ఆయనకి భయం పట్టుకుంది. అయిదో ఆయన వచ్చేసరికి పెళ్లి పందిట్లో గారెలు అయిపోతున్నాయని తెలిసినట్టుంది వరస. పదో ఆయన, పేరు కూడా చదవకుండా, "ఏ గోల్‌కీపరైనా పర్లేదు, ఒకటి రాయండి" అన్నాడు.

సింహాద్రి పదకొండోవాడు. పాము మలుపు తిరిగినట్టు చివర్నుంచి మళ్లీ వెనక్కి రావాలి గనక అతనికి ఒకేసారి రెండు అవకాశాలు వచ్చాయి.

"ఫార్వర్డుల్లో అందరికంటే అన్యాయంగా తిరిగేవాడు ఎవరండీ?" అని వినయంగా అడిగాడు.

యజ్ఞనారాయణగారు జాబితా చూశారు. "ఈ తొమ్మిదో నంబరు. పోయినేడు ముప్పై ఒక్క గోల్స్. అంటే ముప్పై ఒక్కసార్లు పరాయి గేటులోకి జొరబడ్డాడు."

"అతన్ని రాయండి. అతని తర్వాతవాణ్ణి కూడా."

మందిరంలో నవ్వులు. విశ్వపతి జాలిగా చూశాడు. "ఒరే అబ్బాయ్, గుడ్లగుంటలో దోమతెర తప్పనిసరి. ఇప్పుడే కొనుక్కో."

మూడో రౌండులో ఒక చిన్న సంగతి జరిగింది. సింహాద్రి ఊరికే వేలు పెట్టి ఒక డిఫెండర్ పేరు చదువుకుంటున్నాడు. పక్కనున్న పదో ఆయన ఆ వేలిని చూశాడు. తన వంతు రాగానే ఆ పేరునే కోరుకుని, సింహాద్రి వంక గెలిచినట్టు చూశాడు. సింహాద్రికి ఆ డిఫెండర్ కావాలనే లేదు. ఈ సంగతి మాత్రం అతని మనసులో ఒక మూల ఉండిపోయింది.

సాయంత్రానికి విశ్వపతి జట్టులో ఏడుగురు గోల్‌కీపర్లు తేలారు. ఒక గేటుకి ఏడుగురేమిటని ఎవరో గొణిగితే, భద్రత విషయంలో తాను రాజీపడనని ఆయన మినిట్స్‌లో రాయించాడు. సింహాద్రి జట్టులో ఎనిమిది మంది ఫార్వర్డులు, ముగ్గురు టపా సెక్షన్. గోల్‌కీపర్ లేనే లేడు. ఆ రాత్రి అతను చాలా ఏళ్ల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

సోమవారం మార్కులు వచ్చాయి. సింహాద్రికి నూట ముప్పై ఎనిమిది. రెండో ర్యాంకు ఆయనకి ఇరవై ఆరు. విశ్వపతికి తొమ్మిది. ఆయన ఏడుగురు గోల్‌కీపర్లలో నలుగురు అసలు మైదానంలోకే దిగలేదు, బయట బల్ల మీద కూర్చుని మిగతావాళ్ల ఆట చూశారు.

శాఖ ఒక కంపెనీ దగ్గర కొన్న యాప్‌లో గోల్ కొట్టినవాడికే ఎక్కువ మార్కులని అప్పుడు తెలిసింది. మార్కులు ఎలా ఇస్తారో ముందు ఎవరూ చదవలేదు. అది కమిటీ పరిధిలోకి రాదట.

"మొదటి ర్యాంకా?" అంది నీలవేణి. ఆవిడ గొంతులో ఏడుపు సింహాద్రికి స్పష్టంగా వినబడింది. "మీకు ఓడిపోవడం కూడా చేతకాదా?"

అతను శాయశక్తులా ప్రయత్నించాడు. వారానికొకసారి ఒక ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. తొమ్మిదో నంబరువాణ్ణి తీసేసి, కాలికి కట్టుతో ఉన్న ఒక ముసలి ఆటగాణ్ణి వేసుకున్నాడు. ఆ వారమే కట్టు విప్పారు. ముసలాయన చివరి పది నిమిషాలు దిగి రెండు గోల్స్ కొట్టి, మోకాళ్ల మీద కూర్చుని ఆకాశానికి దండం పెట్టాడు. సింహాద్రి ఇక్కడ తల పట్టుకున్నాడు.

ఆరో వారం కమిషనర్‌గారు గదికి పిలిచి, కుర్చీ చూపించారు. ఆ గదిలో ఇన్‌స్పెక్టర్లకి కుర్చీ చూపించడం అదే మొదలు.

"సింహాద్రిగారూ, లోకమంతా గోల్‌కీపర్ అంటుంటే మీరు ఫార్వర్డ్ అన్నారు. దీన్నే దార్శనికత అంటారు. ఇలాంటి మెదడు హెడ్డాఫీసు దాటి పోవడానికి వీల్లేదు. మీరు రిటైరయ్యే దాకా నా పక్క గదే."

"అయ్యా, నా భార్య..."

"ఆవిడకి కూడా నా అభినందనలు చెప్పండి."

సింహాద్రి బయటికొచ్చి వరండాలో మెట్ల మీద కూలబడ్డాడు. రిటైర్మెంటుకి ఇంకా ఇరవై మూడేళ్లుంది. ఆరేళ్లుగా బుద్ధిగా అడిగాడు, అనుమానించారు. ఓడిపోబోతే గెలిపించారు. అతనికి మొదటిసారి ఒళ్లు మండింది. ఈ ఆఫీసులో మామూలు మనిషి మాట ఎవరికీ ఎక్కదు, ఆఫీసు భాషలో చెబితేనే ఎక్కుతుంది. సరే, అలాగే చెబుదాం అనుకున్నాడు. లేచి వెళ్లి యజ్ఞనారాయణగారికి ఒక నోట్ పెట్టాడు.

"విషయము: గోల్ అనగా గేటును ఛేదించుకొని బంతి లోనికి పోవుట. మన శాఖ పరిభాషలో దీనిని గండి అందురు. గండి కొట్టినవారిపై చర్య తీసుకొనుట శాఖ విధి కాగా, ప్రస్తుతము గండికి పది మార్కుల చొప్పున బహుమానము ఇవ్వబడుచున్నది. తగు ఉత్తర్వులకై సమర్పించడమైనది."

యజ్ఞనారాయణగారు ఆ నోట్ చదివి లేచి నిలబడ్డారట. తన అధ్యయనానికి జరిగిన అవమానం ఆయన కడుపులో ఆరు వారాలుగా రగులుతోంది. మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చింది. గోల్‌కి మైనస్ పది. గేటు దగ్గర బంతిని పట్టుకుంటే ప్లస్ పది. మైదానంలోకి దిగకుండా బల్ల మీద కూర్చున్న గోల్‌కీపరుకి, అతని హయాంలో ఒక్క గండీ పడలేదు గనక, ప్లస్ ఇరవై. మొదటి వారం నుంచీ వర్తింపు.

ఒక్క పూటలో లీగు తలకిందులైంది. విశ్వపతి ఏడుగురు కాపలాదార్లతో ఒకటో ర్యాంకుకి ఎక్కాడు. సింహాద్రి పదకొండో ర్యాంకులో, పదో ర్యాంకు కంటికి కూడా ఆనని లోతున పడ్డాడు. కమిషనర్‌గారు కూడా మనసు మార్చుకున్నారు. దార్శనికత వేరు, దుందుడుకుతనం వేరు అన్నారు. పక్క గదికి తాళం పడింది.

"పడుకునే మంచం సరిపోదేమో, ఇంకోటి పురమాయించనా?" అంది నీలవేణి ఫోన్లో. సింహాద్రి ఆ మాటకి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వే ప్రమాదం తెచ్చింది.

చిట్టచివరి ర్యాంకులో ఉన్నవాడు వరండాలో ఫోన్ పట్టుకుని నవ్వడం విశ్వపతి చూశాడు. సింహాద్రి జట్టుని ముంచిన నోట్ కూడా సింహాద్రే రాశాడని ఆయనకి అప్పటికే తెలుసు. రికార్డు రూములో రెండు గంటలు వెతికి ఆరు దరఖాస్తులూ బయటికి లాగాడు.

"ఆరేళ్ల నుంచి గుడ్లగుంట కావాలంటున్నాడు! పిచ్చివాడేం కాదు, సింహాద్రి ఊరికే అడగడు," అని క్యాంటీన్లో తేల్చాడు.

మధ్యాహ్నానికి గుడ్లగుంట కింద ఖనిజం ఉందన్నారు. టీ వేళకి విమానాశ్రయం వస్తోందన్నారు. సాయంత్రానికి తుప్పు పట్టిన ఆ గేటే రాజుల కాలం నాటిదని, దాని వెనక ఏదో ఉందని, అందుకే దాన్ని కదలనివ్వలేదని చెప్పుకున్నారు. బదిలీల కౌన్సెలింగ్ ఎల్లుండి. మొదట కోరుకునేది విశ్వపతి. గుడ్లగుంటలో ఖాళీ ఒక్కటే.

అసిరయ్య వచ్చి చెవిలో చెప్పాడు. "బాబూ, ఇశ్పతిగోరు మీ ఊరు తన్నుకుపోతన్నారు. ఏటి సేత్తారో సూసుకోండి."

సింహాద్రికి నీలవేణికి ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు. బుర్ర పని చేయక కుర్చీలో కూర్చుండిపోయాడు. అలా కూర్చుండగా, ఎందుకో, ఆ డిఫెండర్ పేరు మీద పెట్టిన తన వేలు గుర్తొచ్చింది.

కాగితం తీసుకుని ఏడో దరఖాస్తు రాశాడు.

"గుడ్లగుంట కోరుచూ నేను పెట్టుకున్న ఆరు దరఖాస్తులను ఉపసంహరించుకొనుచున్నాను. సదరు స్థలమునకు పంపవద్దని, దిబ్బలమెట్ట తూమునకు మాత్రమే పంపవలెనని, కారణము అడుగవద్దని ప్రార్థన."

దిబ్బలమెట్ట మీద నలభై ఏళ్లుగా చుక్క నీరు లేని కాలవకి ఒక తూము ఉంది. గుడ్లగుంటకి కనీసం ఏరుంది. సింహాద్రి దరఖాస్తుని కవర్లో పెట్టి, లక్క వేసి, 'అతి రహస్యం' అని ఎర్రసిరాతో రాసి అసిరయ్యకిచ్చాడు. అతి రహస్యమని రాసిన కవరుని ఆ ఆఫీసులో అందరూ చదివాకే కమిషనర్‌గారు చదువుతారు.

అసిరయ్య కవరుని అటూ ఇటూ తిప్పి, సింహాద్రి ముఖంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో. "ఇశ్పతిగోరి బల్ల మీంచి ఎల్తాను బాబూ. దగ్గిరదారి," అన్నాడు.

కౌన్సెలింగ్ రోజున కమిషనర్‌గారు ఖాళీల జాబితా చదివి, "ఒకటో ర్యాంకు" అన్నారు. విశ్వపతి లేచాడు. చొక్కా సర్దుకుని సింహాద్రి వైపు చూశాడు. సింహాద్రి గుప్పిళ్లు బిగించి, పెదాలు కదుపుతూ, ఎవరినో వేడుకుంటున్నట్టు కళ్లు మూసుకుని ఉన్నాడు. అందులో నటన ఏమీ లేదు. వేడుకుంటున్నది మాత్రం విశ్వపతి అనుకున్న దాని గురించి కాదు.

"దిబ్బలమెట్ట," అన్నాడు విశ్వపతి.

మందిరంలో నిట్టూర్పులు. రెండో ర్యాంకు ఆయన తనకి దక్కలేదని పెన్ను విసిరికొట్టాడు. ఆ తర్వాత అందరూ ఊళ్లు, పట్నాలు కోరుకుంటూ పోయారు. సింహాద్రి వద్దని రాసిన గుడ్లగుంటని ఎవరూ ముట్టుకోలేదు. చివరికి కమిషనర్‌గారు కళ్లజోడు తీసి, గొంతు తగ్గించి, "సింహాద్రిగారూ, మిగిలింది అదొక్కటే. ధైర్యంగా ఉండండి," అన్నారు.

సింహాద్రి రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు దాచుకుందామనే పెట్టుకున్నాడు గానీ, ఆరేళ్ల ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. అధికారులందరూ బాధపడ్డారు. యజ్ఞనారాయణగారు వచ్చి భుజం తట్టి, ఫార్వర్డుల్ని నమ్ముకుంటే ఇంతేనన్నారు.

మూడు నెలల తర్వాత గుడ్లగుంటకి ఒక మెమో వచ్చింది. నీలవేణి డ్యూటీ దిగి వచ్చేసరికి సింహాద్రి దాన్ని గడపలో కూర్చుని చదువుతున్నాడు.

"మీరు శిక్షా స్థానమైన గుడ్లగుంటలో సంతోషముగా ఉన్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సదరు సంతోషమునకు కారణము ఏడు రోజులలో వివరించవలెను. లేనిచో మిమ్ములను హెడ్డాఫీసుకు వెనుకకు పిలుచుట జరుగును."

"ఎవరు చెప్పారంటారు?" అంది నీలవేణి.

"విశ్వపతిగారు చూసిపోయారుట. దిబ్బలమెట్ట నుంచి మన సంగతి కనుక్కోవడానికే వచ్చారుట."

నీలవేణి కాగితం లాక్కుని, కలం అతని చేతిలో పెట్టి పక్కన కూర్చుంది. "రాయండి. అయ్యా, ఇక్కడ నాకు మహా కష్టంగా ఉన్నది. దోమలు. ఏరు. కరెంటు ఉండదు. రాశారా? ఒంటరితనం."

"ఒంటరితనమా?"

"అది లేకపోతే నమ్మరు. కన్నీటి చుక్క కూడా పడాలి. ఆ చెంబులో నీళ్లున్నాయి."

సింహాద్రి వేలు ముంచి, 'ఒంటరితనం' మీద జాగ్రత్తగా ఒక చుక్క రాల్చాడు. సిరా అందంగా అలుక్కుపోయింది. లోపల కుక్కరు కూసింది. కలం ఎత్తి పట్టుకుని, అతను రెండో కూత కోసం ఆగాడు.